వీధి నీళ్లు

సెల్లారు తలుపు తీయగానే చిన్న కోడలికి నీళ్ల మీద తేలుతున్న తలకాయలు కనిపించాయి.

కొయ్య తలకాయలే. విగ్గు అల్లేటప్పుడు వెంట్రుకలు గుచ్చే జాలీని బిగించుకోవడానికి వాడేవి, రోజూ ఒళ్లో పెట్టుకు కూర్చునేవి. అయినా వెంటిలేటర్లోంచి జారే కాస్త వెలుతురులో ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా, ఇంకొకటి గోడకు నుదురు కొట్టుకుంటూ కనిపించేసరికి ఆమె తలుపు పట్టుకుని ఆగింది. బట్టలు మోకాళ్ల పైకి ఎత్తిపట్టుకుని దిగింది. నీళ్లు చల్లగా మోకాలిని అందుకున్నాయి. తలకాయల వంక మళ్లీ చూడలేదు. గోడవారగా ఉన్న అరల దగ్గరికి వెళ్లింది. జుట్టు ఉండేది అక్కడ.

జుట్టుకి తడి శత్రువు కాదు. విగ్గు పూర్తయ్యేలోపు ఎన్నోసార్లు తడుపుతారు, ఉతుకుతారు, ఆరబెడతారు. కానీ ఒక కట్టలోని వెంట్రుకలన్నిటికీ కుదుళ్లు ఒకవైపు, కొసలు ఒకవైపు ఉండాలి. తలకిందులైన వెంట్రుక పక్కదాన్ని పట్టుకుని వదలదు. అలాంటివి నాలుగు నీళ్లలో పడి నానితే, దువ్వెన కాదు కదా, దేవుడు దిగొచ్చినా విడదీయలేడు. ఆమె కింది అర పెట్టె మూత ఎత్తింది. లోపల కంబళి ముక్కలాంటిది ఒకటి చేతికి వచ్చింది. నిన్నటిదాకా అది పన్నెండు మంది తలలకు సరిపోయే జుట్టు.

పై అరలో పెట్టెలు కూడా తడిశాయి. టీచరమ్మ పెట్టె ఖాళీగా ఉంది.

ఆ టీచరమ్మ ఆసుపత్రిలో చేరేముందు తన జడ తానే కోయించుకుని, నీలం రిబ్బను కట్టి తెచ్చి ఇచ్చింది. మందులకు జుట్టంతా రాలిపోతుందని డాక్టర్లు ముందే చెప్పారట. ఇంకొకరి జుట్టు తన తల మీద వద్దు, తనదే తనకు కావాలి, అంతే. కొలతలు తీసుకోవడానికి చిన్న కోడలు ముందురోజు సాయంత్రం దాకా ఆసుపత్రిలోనే ఉండి, కుండపోత వానలో తడిసి ఇంటికి చేరి, సెల్లారులోకి దిగకుండానే మేడెక్కి పడుకుంది.

ఆ జడ చివరికి గోడకున్న మేకుకు వేలాడుతూ కనిపించింది. తడిసి ముద్దయి, నీలం రిబ్బను సగం ఊడి ఉంది. అది అక్కడికి ఎలా వెళ్లిందని అడిగే తీరిక అప్పుడు లేదు. తీసి భుజాన వేసుకుంది.

మెట్ల పైనుంచి బావగారి గొంతు వినిపించింది. అప్పటికే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నారు.

"వీధి నీళ్లమ్మా. రాత్రి వానకి బయటి మెట్ల మీదుగా దిగాయి."

*

నీళ్లు తోడడానికి అద్దె పంపు వచ్చేలోపు ఇంటిల్లిపాదీ కింది వాటా భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆ ఇంట్లో అదొక ఆచారం. బయటి మనిషి గడప తొక్కే ముందు ఏం చెప్పాలో ఇంటికి పెద్దయిన బావగారు నిర్ణయిస్తారు, అందరూ అదే చెబుతారు. ఇంటి మాట ఒకటే ఉండాలి అంటారు ఆయన. చిన్న కోడలి భర్త చదువుకునే రోజుల్లో పరీక్ష తప్పితే, తలనొప్పి వచ్చి రాయలేకపోయాడని ఇల్లంతా ఏకకంఠంతో చెప్పింది. ఎంత గట్టిగా చెప్పిందంటే, ఇప్పటికీ అతను ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా కణతలు నొక్కుకుంటాడు.

ఈసారి మాట కూడా సిద్ధంగానే ఉంది. రాత్రి వానకి వీధి నీళ్లు బయటి మెట్ల మీదుగా దిగాయి.

"నేను చూడలేదు కదా బావగారూ," అంది చిన్న కోడలు.

"నేను చూశాను కదా. నీకెందుకమ్మా, ఇన్సూరెన్సు ఉన్నది వానలకీ వరదలకే. వీధి నీళ్లంటే కళ్లు మూసుకుని ఇస్తారు."

తోడికోడలు అందరికీ కాఫీ పోస్తూ, అక్కడికి తనేదో కొత్తగా వింటున్నట్టు తలూపింది. భర్త, అన్నయ్య చెప్పాక ఇంకేముంది అన్నట్టు కప్పు ఎత్తాడు. బావగారు నీటి సరఫరా శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. వీధిలో ఏ ఇంట్లో కొళాయి కారినా ఆయనకే కబురొస్తుంది. మాటలో ఉండగానే చొక్కా జేబులోంచి పైపు మరలకు చుట్టే తెల్ల టేపు తీసి ఇస్తారు, ఇంకొకరు చాక్లెట్టు ఇచ్చినట్టు. నీళ్ల సంగతి ఆయనకంటే ఎవరికి తెలుసు.

నష్టం చూడడానికి ఇన్సూరెన్సు కంపెనీ సర్వేయరు మర్నాడు వచ్చింది. జలుబుతో ముక్కు ఎర్రబడిన మనిషి, మాట మెత్తన. సెల్లారు గోడ మీద తడి చార ఎంత ఎత్తు వచ్చిందో కొలత టేపు పెట్టి కొలిచింది. కప్పు కింద వెళ్లే పైపుల మీద టార్చి వేసింది. అన్నిటికీ ఒకటే ఆకుపచ్చ రంగు. పాడైన కట్టలను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, పనికొస్తాయా అని అడిగింది. రావని చిన్న కోడలు అంటే, నమ్మింది. ఆ తర్వాత ఇంట్లోవాళ్లను విడివిడిగా కూర్చోబెట్టి నీళ్లెలా వచ్చాయని అడిగింది.

బావగారు చెప్పారు. తోడికోడలు చెప్పింది. భర్త చెప్పాడు. చివర చిన్న కోడలు, వేళ్లకు అంటుకున్న తడి వెంట్రుకలను తీసుకుంటూ, రాత్రి వానకి వీధి నీళ్లు బయటి మెట్ల మీదుగా దిగాయని చెప్పింది.

సర్వేయరు తుమ్ము ఆపుకుని ఆమె వంక చూసింది. "మీ ఇంట్లో అందరూ ఒకే పుస్తకం చదివినట్టున్నారమ్మా."

ఆ తర్వాత చెప్పవలసింది చెప్పింది. ఇంట్లో పైపు పగిలో, ట్యాంకు కారో సరుకు తడిస్తే ఈ పాలసీలో పూర్తిగా ఇస్తారు. బయటి నేల మీద పారి లోపలికొచ్చిన నీళ్లకు ఇవ్వరు. దానికి వేరే పాలసీ తీసుకోవాలి, వీళ్లు తీసుకోలేదు. ఏజెంటు ఆ ముక్క చెప్పలేదా అని అడిగింది. ఏజెంటు చాలా ముక్కలు చెప్పాడు, అన్నీ శుభమైనవే.

"నలుగురిలో ఒక్కరు పైపు అని ఉన్నా కప్పంతా విప్పించి చూసేదాన్ని," అంది సర్వేయరు లేస్తూ. బెదిరింపు లేదు, జాలే ఉంది. "నలుగురూ వీధి నీళ్లే అన్నారు."

చిన్న కోడలు ఆమెను గేటుదాకా సాగనంపింది. వెనక్కి తిరిగేసరికి వరండాలో బావగారు నిలబడి ఉన్నారు. పైపు గురించి సర్వేయరు అన్న మాట ఆయనా విన్నారు. గొంతు సవరించుకున్నారు. ఏదో చెబుతారనుకుని ఆమె ఆగింది. వాళ్లంతే, చేతులు దులుపుకుంటారని, అందుకే తను ఇన్సూరెన్సుల జోలికి పోనని చెప్పి లోపలికి వెళ్లిపోయారు.

*

జుట్టు కొనాలి. కొయ్య తలలు ఉబ్బి పగిలాయి, కొత్తవి చేయించాలి. కుట్టు మిషను మోటారులోకి నీళ్లు దిగాయి. డబ్బు రాకపోతే దుకాణం మూయడమే. పట్నంలో ఒక పెద్ద సెలూను వాళ్లు ఎప్పటినుంచో పిలుస్తున్నారు, జీతానికి. చిన్న కోడలు ఆ సంగతి భర్తతో అంటే, అదీ మంచిదే, వేళకు ఇంటికొస్తావు అన్నాడు. అతని మంచితనం ఎప్పుడూ అంతే, దూదిలా ఉంటుంది; దేనికి అడ్డం పెట్టినా ఆగదు.

ఆమె టీచరమ్మ జడ ముందేసుకుని కూర్చుంది. మిగతావాటికి ఆశ లేదు. ఇది ఒక్కటి ముడివేసి ఉండడం వల్ల కొంతైనా తలకిందులు కాకుండా మిగిలింది. నూనె రాసి, సబ్బు నీళ్లలో నానబెట్టి, కొసల నుంచి మొదలుపెట్టి వేలెడు మేర మాత్రం విడదీసి, ఇనుప పళ్ల దువ్వెనతో ఒక్కో పాయా లాగుతోంది. బలంగా లాగితే తెగుతుంది. మెల్లగా లాగితే కదలదు. ఆ రెంటి మధ్యా ఒక లాగుడు ఉంటుంది, అది చేతికే తెలుసు.

దువ్వెన పళ్లకు తెల్లగా ఏదో చుట్టుకుంది. దారమనుకుంది. వేలితో లాగితే సాగింది. వెలుతురులోకి పట్టుకుని చూసింది.

పైపు మరలకు చుట్టే టేపు.

దువ్వెన కింద పెట్టింది. అప్పుడు, ఆ ఉదయం అడగడానికి తీరిక దొరకని ప్రశ్న తిరిగొచ్చింది. జడ వేలాడిన మేకు తడి చారకు చాలా పైన ఉంది. నీళ్లు అంత ఎత్తుకు రాలేదు. వచ్చినా, నీళ్లకు చేతులుండవు, మేకు చూసి రిబ్బను తగిలించడానికి.

సెల్లారులోకి వెళ్లింది. మేకుకు సూటిగా పైన, కప్పు కింద మెయిన్ పైపు జాయింటు. గోరుతో గీరితే ఆకుపచ్చ రంగు మెత్తగా ఊడి గోట్లోకి వచ్చింది. పక్క జాయింటు మీద రంగు రాయిలా ఉంది. కింద గోడకు ఆనించిన ఇనుప నిచ్చెన ఆమెది కాదు, బావగారిది. అది ఇక్కడ ఎప్పటినుంచి ఉందో ఆమెకు గుర్తులేదు.

టేపు ముక్క అరచేతిలో పెట్టుకుని కింది వాటాకు వెళ్లింది. బావగారు పేపరు చదువుతున్నారు. ఆమె చేయి చాపి చూపించింది. ఆయన కళ్లజోడు సర్దుకుని చూసి, జేబు తడుముకుని, అక్కడ పెట్టమ్మా అన్నారు, తనది తనకు తెచ్చి ఇచ్చినట్టు.

"పైపు అయితే వాళ్లు ఇస్తారట బావగారూ."

పేపరు మడిచారు. మడత మీద మడత వేశారు. తర్వాత నెమ్మదిగా, ఆఫీసులో కింది ఉద్యోగికి రూలు చెప్పినట్టు చెప్పారు. నలుగురూ చెప్పిన మాట ఇప్పుడు మారిస్తే మోసం అంటారు. పాలసీ ఆమె పేరు మీద ఉంది కాబట్టి మోసం కూడా ఆమె పేరు మీదే ఉంటుంది. సెలూను ఉద్యోగం నిక్షేపంలా ఉంది. అయినా, తను వేసిన పైపులు కారవు.

"ఇంటి మాట ఒకటే ఉండాలమ్మా. అది తప్పితే ఇల్లు నిలవదు."

వంటింటి గుమ్మంలో తోడికోడలు గిన్నె తుడుస్తోంది. ఎప్పుడో పొడారిపోయిన గిన్నెను ఇంకా తుడుస్తూనే ఉంది. చిన్న కోడలు ఆమె వంక చూస్తే, ఆమె గిన్నె వంక చూసుకుంది.

"అలాగే బావగారూ," అంది చిన్న కోడలు. "ఇంటి మాటే చెబుతాను."

*

మర్నాటి నుంచి ఆమె పని వరండాలోకి మార్చింది. సెల్లారు ఆరలేదు, ఎండ కావాలి, ఎవరూ కాదనడానికి లేదు. గేటు ఎదురుగా తాడు కట్టి, పాడైపోయిన జుట్టంతా దాని మీద ఆరేసింది. నల్లవి, గోధుమ రంగువి, నెరిసినవి, చాపల్లా అతుక్కుపోయిన కట్టలు వీధిలో పోయేవాళ్లందరి కళ్లలో పడేట్టు వేలాడాయి. దాని కింద పీట వేసుకుని టీచరమ్మ జడ దువ్వుతూ కూర్చుంది.

మొదట ఆగింది ఎదురింటి దర్జీ. ఇదేం ఘోరమమ్మా అన్నాడు.

"రాత్రి వానకి వీధి నీళ్లు బయటి మెట్ల మీదుగా దిగాయండీ," అంది ఆమె. "బావగారు కళ్లారా చూశారు."

దర్జీ మెడ తిప్పి వీధి వంక, కాలువ వంక, తన ఇంటి గుమ్మం వంక చూసుకున్నాడు. అతని సెల్లారులో బట్టల తానులు ఉన్నాయి. వాటికి చుక్క తడి తగల్లేదు. మరి కాలువ ఏమైందని అడిగాడు.

ఆ కాలువకు ఆ వీధిలో ఒక పేరుంది: ఇంజనీరు గారి కాలువ. బావగారు ఉద్యోగంలో ఉండగా గీసి, కాంట్రాక్టరు నెత్తిన కూర్చుని కట్టించినది. అంతకుముందు వానొస్తే వీధి వీధంతా చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేదట. ఇప్పుడు పెద్ద వాన పడ్డప్పుడల్లా ఆయన గొడుగు వేసుకుని గేటు దగ్గర నిలబడి, పోయేవాళ్లను ఆపి అడుగుతారు, చెప్పు తడిసిందా అని. ఆ వాన రాత్రి కంగారులో నోటికొచ్చిన అబద్ధం ఎవరి మీద పడుతుందో ఆయన చూసుకోలేదు. ఇన్సూరెన్సు ఆఫీసు దాకా పోయి అక్కడే ఉండిపోయే మాట అనుకున్నారు. చిన్న కోడలు దాన్ని తెచ్చి గేటుకు వేలాడదీసింది.

"ఏమో అన్నయ్యా. నాకేం తెలుస్తుంది," అంది ఆమె దర్జీతో, దువ్వెన ఆపకుండా. "కాలువ పొంగకుండా వీధి నీళ్లు ఎలా వస్తాయి."

సాయంత్రానికి ఆ మాట వీధి చివరి అచ్చు మిషను ఆయన దాకా వెళ్లింది. ఆయన కాగితం నిల్వంతా సెల్లారులోనే. ఆయన వచ్చి ఆమెను అడిగాడు, ఆమె అదే చెప్పింది, అక్షరం మారకుండా. పాల మనిషికి అదే చెప్పింది. పిల్లను బడికి దింపి వస్తున్న తల్లికి అదే చెప్పింది. ఎవరూ బావగారిని తిట్టలేదు. పెద్దమనిషి, వయసైపోయింది, కట్టినప్పుడు బాగానే కట్టి ఉంటాడు అన్నారు. ఆ జాలే ఆయన చెవిన పడింది. సాయంత్రం నడక మానేశారు. కొళాయి కారుతోందని దర్జీ ఈసారి వేరే ప్లంబరును పిలిచాడు. ఆ ప్లంబరు సంచి భుజాన వేసుకుని గేటు ముందునుంచే వెళ్లాడు. బావగారు కిటికీ పరదా పక్కకు జరిపి చూసి, మళ్లీ వేసేశారు.

రాత్రి భోజనాల దగ్గర, ఆ జుట్టు లోపల ఆరేసుకోకూడదా అని తోడికోడలి చేత అడిగించారు.

"ఎండ అక్కడే కదా అక్కయ్యా వచ్చేది," అంది చిన్న కోడలు. "అడిగినవాళ్లకు ఇంటి మాటే చెబుతున్నాను. తప్పితే చెప్పండి."

బావగారు అన్నంలో చేయి పెట్టి చాలాసేపు కలిపారు.

జడ సగానికి పైగా విడింది. చేతికి వచ్చింది పిడికెడు. మిగిలింది దువ్వెన పక్కన ఉండలుగా పోగైంది. ఆసుపత్రి నుంచి టీచరమ్మ ఫోన్ చేసి, తొందరేం లేదు, నెమ్మదిగా చేయండి అంది. ఆ గొంతు విన్నాక చిన్న కోడలు ఆ పూట ఇంక దువ్వెన పట్టుకోలేకపోయింది.

*

సర్వేయరు మళ్లీ వచ్చింది, ఈసారి వీళ్ల ఇంటికి కాదు. అచ్చు మిషను ఆయన భయపడి వీధి నీళ్లకు కూడా పాలసీ కావాలని అడిగాడు. ఈ వీధిలో ఈ మధ్యే కాలువ పొంగి ఒక ఇల్లు మునిగినట్టు నమోదై ఉంది కాబట్టి, చూసి చెప్పమని కంపెనీ ఆమెను పంపింది. జలుబు తగ్గినట్టుంది. కాలువ మీది పలకను ఇద్దరు మనుషుల చేత ఎత్తించి, వంగి లోపలికి చూసింది. దర్జీ వచ్చాడు, అచ్చు మిషను ఆయన వచ్చాడు, ఇంకో నలుగురు చేరారు. వెడల్పు చాలదేమో అన్నారొకరు. వాలు తప్పు పెట్టి ఉంటారు అన్నారు ఇంకొకరు. మొత్తం తవ్వి కొత్తది వేయమని అర్జీ పెడదామన్నాడు అచ్చు మిషను ఆయన, ఇంజనీరు గారు ఏమనుకోకపోతేనే అని కిటికీ వంక చూసి గొంతు తగ్గించి.

సర్వేయరు వరండాలోకి చూసింది. "ఇక్కడినుంచే కదమ్మా పొంగింది?"

చిన్న కోడలు దువ్వెన ఒళ్లో పెట్టుకుంది. నోరు తెరిచి, రాత్రి వానకి, అనేసరికి వెనక తలుపు తెరుచుకుంది.

బావగారు చెప్పులు లేకుండా వచ్చారు. ఇస్త్రీ లేని చొక్కా. తాడు మీద వేలాడుతున్న జుట్టును చేత్తో పక్కకు నెట్టుకుని, ఆమె పీటను దాటి, మెట్లు దిగి కాలువ దగ్గరికి వెళ్లారు. ఎత్తిన పలకను చూశారు. అంచును చేత్తో తడిమారు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ వరండా వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. సర్వేయరుకే చెప్పారు, ఆమె రాసుకోవడానికి వీలుగా, నెమ్మదిగా.

"కాలువ పొంగలేదమ్మా. ఆ రోజే కాదు, ఏ రోజూ పొంగలేదు. మా ఇంట్లోకి వచ్చినవి వీధి నీళ్లు కావు. సెల్లారులో మెయిన్ పైపు జాయింటు ఊడింది. అది నేను వేసింది. ప్లంబరును పిలిస్తే ఇంజనీరు ఇంటికి ప్లంబరా అని నవ్వుతారని నేనే వేశాను. ఆ రాత్రి మేం విందుకు వెళ్లి వచ్చేసరికి నీళ్ల చప్పుడు. వాల్వు కట్టేసి కిందికి దిగాను. అప్పటికి కింది అరలే మునిగాయి, పై అరలు పొడిగానే ఉన్నాయి. కొత్త జాయింటు బిగించి వాల్వు తిప్పాను, పట్టలేదు, ఊడింది. మళ్లీ బిగించాను, మళ్లీ ఊడింది. పై అర అప్పుడు ఆ ధారకి తడిసింది, ఒక పెట్టె మూత ఊడింది. అందులోంచి ఏదో జడ జారి నిచ్చెనకి చుట్టుకుని నన్ను ఎక్కనివ్వలేదు, విప్పి మేకుకు తగిలించాను. మా తమ్ముడి భార్యని లేపితే పెట్టెలు తీసుకునేదే. కానీ లేపితే జాయింటు చూసేది కదా. అందుకని లేపలేదు. పట్టేదాకా బిగించి, రంగు వేసి, పైకొచ్చి స్నానం చేశాను. పైపుకి మీరు డబ్బిస్తారని మర్నాడు మీరు చెబితే తెలిసింది. అప్పుడైనా చెప్పవలసింది, చెప్పలేదు. ఇదంతా రాసుకోండి, కావాలంటే సంతకం పెడతాను. కానీ ముందు ఇది రాయండమ్మా, అందరికీ వినపడేట్టు చదవండి: కాలువకు ఏ లోపమూ లేదు."